ఏ మందు? ఎన్నో రోజు?



ఇంట్లో ఒకరికి రెండు రోజులుగా జ్వరం. కళ్ళు ఎర్రబడ్డాయి. నోట్లో పుళ్ళు లేచాయి, మంచినీళ్ళు కూడా మింగుడు పడటం లేదు. మూడోనాటికి ముఖం మీద, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. ఇలాంటప్పుడు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మొదట అనే మాట ఏమిటో మీకు తెలుసు. "అమ్మవారు పోసింది" అంటారు. బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, దెగ్లూరులోనైనా, యానాంలోనైనా తెలుగు ఇంట ఈ మాట ఒక్కటే. గుమ్మానికి వేపాకు కడతారు. చాలాసార్లు పెద్దల ఊహ నిజమే అవుతుంది. అది తట్టో, ఆటలమ్మో అయి, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది.

కాని ఎప్పుడో ఒకసారి అది అమ్మవారు కాదు. మూడు వారాల కిందట మొదలుపెట్టిన ఒక మాత్ర. ఆ సంగతి ఎవరికీ స్ఫురించదు. రోగి ఆ మాత్ర వేసుకుంటూనే ఉంటాడు. జ్వరం పెరుగుతుంది, మచ్చలు బొబ్బలవుతాయి, చేయి తగిలితే చర్మం ఊడివస్తుంది. అప్పుడు ఆసుపత్రికి పరుగు.

మందు వికటించి చర్మానికి వచ్చే ఈ ఘోరమైన జబ్బును వైద్యులు ఎలా తెలుసుకున్నారు? ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అన్నది ఎలా తేల్చారు? ఈనాటి ప్రసంగంలో ఆ చరిత్రను చెప్పుకుందాం. ఇది కేవలం పెద్ద పెద్ద ప్రయోగశాలల చరిత్ర కాదు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి రెండు ప్రశ్నలు అడిగిన వాళ్ళ చరిత్ర. ఆ ప్రశ్నలు ఇవి: ఏ మందు? ఎన్నో రోజు?

కథ 1922లో న్యూయార్కు నగరంలో మొదలవుతుంది. ఆల్బర్ట్ స్టీవెన్స్, ఫ్రాంక్ జాన్సన్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు ఇద్దరు కుర్రవాళ్ళ గురించి ఒక వ్యాసం రాశారు. ఒకడికి 7 ఏళ్ళు, మరొకడికి 8. ఇద్దరికీ తీవ్రమైన జ్వరం, ఒంటినిండా మచ్చలు, నోరంతా పుండ్లు, కళ్ళలో చీము. ఆ పిల్లలను అంతకుముందు చూసిన వైద్యుడు అది రక్తం చిమ్మే రకం తట్టు అనుకున్నాడట. గమనించండి. న్యూయార్కు డాక్టరుకూ, మన నాయనమ్మకూ మొదట తోచింది ఒక్కటే! ఆ పొరపాటులో సిగ్గుపడవలసిందేమీ లేదు. చూపుకు ఆ జబ్బు అలాగే ఉంటుంది. స్టీవెన్స్, జాన్సన్ మాత్రం అది తట్టు కాదని, కొత్త రకం జ్వరమని గుర్తించారు. అందుకే ఆ జబ్బుకు వాళ్ళిద్దరి పేర్లూ కలిపి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అని పేరు వచ్చింది. అయితే కారణం మాత్రం వాళ్ళకు అందలేదు. అది ఏదో అంటురోగమనే చాలాకాలం అనుకున్నారు.

కారణం బయటపడటానికి మందుల యుగం రావలసి వచ్చింది. 1935లో జర్మనీకి చెందిన గెర్‌హార్డ్ డోమాక్ ప్రాంటోసిల్ అనే మందును లోకానికి తెలియజేశాడు. సల్ఫా మందుల కుటుంబానికి అది పెద్దక్క. అంతవరకు ప్రాణాలు తీసిన ఎన్నో చీము జబ్బులు సల్ఫా మందులతో లొంగాయి. కోట్లమంది వాటిని మింగారు. 1938లో మూర్ఛకు ఫెనిటాయిన్ వచ్చింది. ఆ వెనుక మరికొన్ని వచ్చాయి. మందులు పెరిగినకొద్దీ ఆసుపత్రులలో ఈ బొబ్బల జబ్బు కూడా కనిపించసాగింది. 1940ల నుంచి వైద్యుల అనుమానం సల్ఫా మందుల మీదికి మళ్ళింది. ప్రాణం పోసే మందే, వెయ్యిళ్ళలో ఎక్కడో ఒక ఇంట, ప్రాణం మీదికి తెస్తున్నదన్న చేదు నిజం అలా మెల్లగా తెలియవచ్చింది.

1956లో స్కాట్లండు చర్మవైద్యుడు అలన్ లయెల్ నలుగురు రోగుల గురించి రాశాడు. వాళ్ళ చర్మం మరుగుతున్న నీళ్ళు మీద పడ్డట్టుగా ఉంది. పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఊడిపోతున్నది. బాగున్నట్టు కనిపించే చోట వేలితో మెల్లగా రుద్దినా చర్మం జారిపోతున్నది. ఈ జబ్బుకు ఆయన పెట్టిన పొడుగాటి పేరును మన భాషలో చెప్పాలంటే, విషప్రభావంతో చర్మం పైపొర చచ్చి ఊడిపోవడం అన్నమాట. చాలామంది వైద్యులు దీన్ని లయెల్ జబ్బు అనే పిలిచారు.

లయెల్ అక్కడితో ఆగలేదు. 1967 నాటికి బ్రిటన్‌లో ఇలాంటి రోగుల వివరాలు 128 మందివి సేకరించి, కారణాలను బట్టి వేరు చేసి చూశాడు. కొందరికి ముందుగా ఏదో మందు వాడిన చరిత్ర ఉంది. మరికొందరికి, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ఒక రకం బాక్టీరియా సోకింది. పైకి ఒకేలా కనిపించినా ఇవి రెండు జబ్బులన్నమాట. 1970లో ఆ బాక్టీరియా విషం పని ఎలుకల మీద రుజువైంది. పిల్లల జబ్బులో చర్మం పైపైన మాత్రమే చీలుతుంది, సరైన యాంటీబయాటిక్ పడితే తగ్గుతుంది. మందు వల్ల వచ్చే జబ్బులో పైపొర మొత్తం చచ్చిపోతుంది. ఒకదానికి మందు ఇవ్వాలి. రెండోదానికి మందు ఆపాలి. ఈ రెంటినీ వేరు చేయడంలో రోగి చరిత్రను ఓపికగా రాసుకోవడమే మొదటి మెట్టయింది.

ఈ చరిత్రలో మన వైపు ఊళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి, సరిహద్దుకు ఆవల దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదుల్లో ఉండే తెలుగువారికి దూరపు ఊరు కాదు. పాత హైదరాబాదు సంస్థానంలో, ఇసబెల్ కెర్ అనే వైద్యురాలి పూనికతో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి వెలసింది. ఆ రోజుల్లో కుష్ఠుకు చాల్‌ముగ్రా నూనె ఇంజెక్షన్లే దిక్కు. జాన్ లో అనే యువ వైద్యుడు ఆ డిచ్‌పల్లిలో పనిచేశాడు. అక్కడి నుంచి కలకత్తాలోని ట్రాపికల్ మెడిసిన్ పాఠశాలకు వెళ్ళి కుష్ఠు పరిశోధన చేశాడు. ఆ తరువాత ఆఫ్రికాలోని నైజీరియాకు, ఉజువాకోలి అనే ఊరి కుష్ఠు ఆసుపత్రికి చేరాడు.

అప్పటికి సల్ఫోన్ మందులు వచ్చాయి. తమిళనాట చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో రాబర్ట్ కాక్రేన్ 1940ల రెండో సగంలో డాప్సోన్ మందును ఇంజెక్షనుగా వాడి చూశాడు. ఉజువాకోలిలో లో దానిని నోటి మాత్రగా, తక్కువ మోతాదులో ఇచ్చి, చౌకగా వేలమందికి పంచవచ్చని నిరూపించాడు. లోకంలో లెక్కలేనన్ని కుష్ఠు రోగుల జీవితాలను మార్చిన మాత్ర అది. అయితే ఆ మేలుతోపాటు ఇంకో సంగతి కూడా ఆయన దాచకుండా రాశాడు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొద్దిమంది రోగులకు జ్వరం వచ్చింది, మెడలో, చంకల్లో గ్రంథులు వాచాయి, ఒళ్ళంతా ఎర్రబడి పెచ్చులూడింది. 1949లో, తన సహోద్యోగి స్మిత్‌తో కలిసి రాసిన వ్యాసానికి అనుబంధంగా ఆ రోగుల వివరాలు చేర్చాడు. 1951లో మరో ఇద్దరు వైద్యులు దానికి డాప్సోన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

ఒక్క క్షణం ఆలోచించండి. తాను ఇంత గొప్పగా నిలబెట్టిన మందు మీద తానే మచ్చ రాయడం తేలిక కాదు. కుష్ఠు రోగి చర్మం మీద మచ్చలుండటం వింతేమీ కాదు గనుక, ఇదీ ఆ జబ్బులో భాగమే అని సరిపెట్టుకోవచ్చు. ఆయన సరిపెట్టుకోలేదు. మందు ఎప్పుడు మొదలైంది, జ్వరం ఎప్పుడు వచ్చింది అని లెక్క చూశాడు. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య అన్న ఆ లెక్క నేటికీ కుష్ఠు వైద్యులు గుర్తుపెట్టుకునే లెక్క.

క్షయ విషయంలో కూడా ఇలాంటి పాఠమే నేర్చుకోవలసి వచ్చింది. థయాసిటజోన్ అనే చౌక మందును మన దేశంలోనూ, ఆఫ్రికాలోనూ ఏళ్ళ తరబడి క్షయకు వాడారు. 1980లలో హెచ్.ఐ.వి. వ్యాపించింది. క్షయతోపాటు హెచ్.ఐ.వి. ఉన్నవారికి అదే మందు, అదే మోతాదు ఇస్తే, చర్మం ఊడిపోయే కేసులు ఎక్కువయ్యాయి. 1991లో నైరోబీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఆ మందుకు చర్మం వికటించింది. హెచ్.ఐ.వి. లేనివారిలో నూటికి ఒకరికే అలా జరిగింది. అటువంటి రోగులకు ఆ మందు ఇవ్వవద్దని ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మందు మారలేదు, మింగిన శరీరం మారింది. అంటే ఏ మందు అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎవరికి ఇచ్చాం అన్నది కూడా అడగాలి.

ఎవరికి అన్న ఆ ప్రశ్నకు లెక్కల రూపంలో జవాబులు 1990లలో రావడం మొదలైంది. ముందుగా, 1993లో యూరపు వైద్యులు ఒక కొలత పెట్టుకున్నారు. ఒంటి చర్మంలో పదో వంతు కంటే తక్కువ ఊడితే స్టీవెన్స్-జాన్సన్ జబ్బు. నూటికి 30 పాళ్ళు మించితే లయెల్ జబ్బు. నడుమ ఉన్నది రెంటికీ చెందినది. అంటే ఇవి ఒకే జబ్బుకు చిన్నా పెద్దా రూపాలు. మొదటిదానిలో నూటికి పదిమంది లోపు చనిపోతే, రెండోదానిలో ముగ్గురిలో ఒకరి ప్రాణం పోయే ప్రమాదం ఉంటుంది.

1995లో ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, పోర్చుగల్ దేశాల ఆసుపత్రుల లెక్క వచ్చింది. ఈ జబ్బుతో చేరిన 245 మందిని, వేరే జబ్బులతో చేరిన 1147 మందిని పక్కపక్కన పెట్టి, ఎవరు ఏ మందులు ఎప్పటి నుంచి వాడారో అడిగి పోల్చారు. సల్ఫా మందులు, ఫెనిటాయిన్, కార్బమాజెపిన్, ఫినోబార్బిటోన్ వంటి మూర్ఛ మందులు, పైరాక్సికామ్ కుటుంబపు నొప్పి మాత్రలు, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ముందు వరుసలో నిలిచాయి. రోజూ వాడే మందులలో ప్రమాదమంతా మొదటి రెండు నెలల్లోనే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. పదేళ్ళుగా పడుతున్న మాత్ర కంటే పది రోజుల కిందట మొదలైన మాత్రను ముందు అనుమానించాలన్నమాట.

ఆ లెక్కలోనే మరో మాట కూడా ఉంది. శ్రోతలు దానిని మరచిపోకూడదు. ఎంత ప్రమాదకరమైన మందు తీసుకున్నా, దాన్ని వాడే పది లక్షల మందిలో వారానికి అదనంగా ఐదుగురి కంటే ఎక్కువ మందికి ఈ జబ్బు రాలేదు. కాబట్టి ఈ ప్రసంగం విని ఎవరూ మూర్ఛ మాత్రలు, క్షయ మాత్రలు భయంతో పారేయవద్దు. జబ్బు అరుదు. కాని వచ్చినవాడికి అరుదు అన్న మాట ఊరట ఇవ్వదు గనుక, గుర్తుపట్టడం తెలిసి ఉండాలి.

2000 సంవత్సరంలో ఫ్రాన్సు వైద్యులు ఒక చిన్న పట్టిక తయారు చేశారు. ఆసుపత్రిలో చేరిన రోగిలో ఏడు సంగతులు చూడాలి: వయస్సు 40 దాటిందా, క్యాన్సరు ఉందా, గుండె నిమిషానికి 120 సార్లకు మించి కొట్టుకుంటున్నదా, చర్మం పదో వంతుకు మించి ఊడిందా, రక్తంలో యూరియా పెరిగిందా, చక్కెర బాగా పెరిగిందా, బైకార్బొనేట్ తగ్గిందా. ఒక్కోదానికి ఒక మార్కు. ఒక మార్కు లోపు ఉన్నవారిలో నూటికి ముగ్గురే చనిపోయారు. ఐదు, అంతకు మించి ఉన్నవారిలో నూటికి 90 మంది చనిపోయారు. బడిలో మార్కులు ఎక్కువ రావాలని కోరుకుంటాం. ఇక్కడ మాత్రం రాకుండా ఉండాలని కోరుకోవాలి.

అదే ఏడాది మరో అధ్యయనం మన కథకు ప్రాణమైన సంగతిని తేల్చింది. వందకు పైగా రోగులలో, కారణమైన మందును ఏ రోజు ఆపారో చూశారు. శరీరంలోంచి త్వరగా పోయే మందులైతే, ఒక్కొక్క రోజు ముందుగా ఆపినకొద్దీ చనిపోయే ప్రమాదం నూటికి 30 పాళ్ళ వంతున తగ్గింది. ఒంట్లో ఎక్కువకాలం నిలిచే మందుల విషయంలో ఆ లాభం కనబడలేదు. ఏ ఖరీదైన ఇంజెక్షనూ ఇంత నిక్కచ్చిగా ఇవ్వని మేలును ఒక మాత్రను సమయానికి ఆపడం ఇచ్చింది. కాని ఆపాలంటే అది ఏ మాత్రో తెలియాలి కదా!

ఇక, అదే మాత్ర వేసుకున్న లక్షలమందికి ఏమీ కాక, ఒక్కరికే ఎందుకవుతుంది? దీనికి పెద్ద జవాబు 2004లో తైవాన్ నుంచి వచ్చింది. మన శరీరంలోని ప్రతి కణం తన గుమ్మంలో ఒక పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటుందనుకోండి. లోపల ఏముందో ఆ పళ్ళెంలో పెట్టి కావలివాళ్ళకు చూపిస్తుంది. కావలివాళ్ళంటే తెల్లరక్తకణాలు. ఆ పళ్ళెం ఆకారం తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మనిషి మనిషికీ తేడా ఉంటుంది. కొన్ని ఆకారాల పళ్ళేలలో కొన్ని మందులు అతుక్కుంటాయి. కావలివాళ్ళు దాన్ని శత్రువనుకుని ఇంటివాళ్ళ మీదే కత్తి దూస్తారు. చర్మ కణాలు మూకుమ్మడిగా చచ్చిపోతాయి.

తైవాన్ వైద్యులు కార్బమాజెపిన్ వల్ల ఈ జబ్బు వచ్చిన 44 మందిని పరీక్షిస్తే, 44 మందిలోనూ ఒకే రకం పళ్ళెం కనిపించింది. దాని పేరు హెచ్.ఎల్.ఏ.-బి 1502. అదే మందును హాయిగా వాడుకుంటున్న 101 మందిలో అది ముగ్గురికే ఉంది. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆసియా మూలాలున్నవారికి ఆ మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయమని సూచించింది. 2011లో తైవాన్‌లో నాలుగు వేల ఎనిమిది వందల మందికి పైగా ముందే పరీక్షించి, ఆ లక్షణం ఉన్నవారికి మందు మార్చారు. మామూలుగా అయితే పదిమందికైనా రావలసిన జబ్బు ఒక్కరికీ రాలేదు.

మన దేశంలో 2009లో ఎనిమిది మంది రోగులను ఇలా పరీక్షిస్తే ఆరుగురిలో ఆ లక్షణం కనిపించింది. మిగిలిన ఇద్దరికి అది లేకుండానే జబ్బు వచ్చింది. కాబట్టి పరీక్ష మేలు చేస్తుంది గాని, పరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఇప్పుడు మళ్ళీ డిచ్‌పల్లి డాక్టరుగారి దగ్గరికి వద్దాం. ఆయన 1949లో రాసిన డాప్సోన్ వికటింపుకు కారణమైన పళ్ళెం 2013లో చైనాలో దొరికింది. 64 ఏళ్ళ తరువాత! ఆపైన అక్కడ వెయ్యిమందికి పైగా కుష్ఠు రోగులను ముందే పరీక్షించి, ఆ లక్షణం లేనివారికే డాప్సోన్ ఇస్తే, ఒక్కరికీ ఆ సిండ్రోమ్ రాలేదని 2019లో ప్రకటించారు. మంచం పక్కన నిలబడి రాసుకున్న ఒక పాత లెక్క, ఇన్నేళ్ళకు ఒక రక్తపరీక్ష అయింది.

మన ఆసుపత్రుల రోగులు ఎలాంటివారు? భారతదేశంలో వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2013లో ఒక సమీక్ష వెలువడింది. అందులో యాంటీబయాటిక్‌ల వంటి క్రిములను చంపే మందుల వాటా నూటికి 37. మూర్ఛ మందుల వాటా ఇంచుమించు 36. నొప్పి, జ్వరం మాత్రల వాటా 16. అంటే కారణం ఏదో వింత మందు కాదు. ఊళ్ళో మందుల షాపులో దొరికేవే. అల్లోప్యూరినాల్ విషయంలో మరో హెచ్చరిక ఉంది. నొప్పీ వాపూ లేకపోయినా, రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువని కొందరు దీన్ని మొదలుపెడతారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, మొదటే పెద్ద మోతాదు పడినవారికి ప్రమాదం ఎక్కువ. ఎందుకు ఇస్తున్నారో డాక్టరుగారిని అడగటంలో తప్పు లేదు.

మరి మనం గుర్తుపట్టేది ఎలా? దురద దద్దుర్లన్నీ ఈ జబ్బు కావు. కొత్త మందు మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి నాలుగో వారం లోపు జ్వరం వచ్చి, కళ్ళు ఎర్రబడి, నోట్లోగాని మూత్రద్వారం దగ్గరగాని పుండ్లు లేచి, మచ్చలు దురదకు బదులు మంట, నొప్పి పెడితే, అది అపాయానికి గుర్తు. డాప్సోన్ వంటి మందులతో వచ్చే మరో రకం రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా కూడా రావచ్చు. దానిలో ముఖం ఉబ్బుతుంది, గ్రంథులు వాస్తాయి, కామెర్లు కనబడవచ్చు. ఈ గుర్తులు కనిపిస్తే తరువాతి మాత్ర వేయకుండా, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూర్ఛ మాత్ర ఆపితే ఫిట్సు రావచ్చు గనుక ఇంట్లో కూర్చోవడం ఇంకా ప్రమాదం. డాక్టర్లు వేరే తరహా మందు చూస్తారు. ఫెనిటాయిన్‌కు వికటించినవారికి కార్బమాజెపిన్, ఫినోబార్బిటోన్ కూడా వికటించే అవకాశం ఉంది. ఆ సంగతి కూడా వాళ్ళు చూసుకోవాలి.

ఆసుపత్రిలో ఈ రోగిని కాలిన గాయాల రోగిలాగే చూస్తారు. ఒంట్లోని నీరు, ఉప్పు, వేడి ఊడిన చర్మం గుండా పోతాయి, చీము పడుతుంది. దక్షిణ దేశపు చర్మవైద్య వార్డులలో శుభ్రపరిచిన అరటి ఆకుల మీద రోగిని పడుకోబెట్టడం ఉంది. దుప్పటి అంటుకుంటుంది, ఆకు అంటుకోదు. మన పెళ్ళి భోజనాల ఆకు ప్రాణం మీదికి వచ్చినవాడికి పరుపవుతుందని ఎందరికి తెలుసు!

ప్రాణం దక్కాక కూడా ఈ జబ్బు వదలకుండా పట్టుకునేది కళ్ళను. కన్నీళ్ళు ఎండిపోతాయి, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి గుడ్డును గీరుతాయి, చూపు మసకబారుతుంది. 1922 నాటి వ్యాసం పేరులోనే కళ్ళ జబ్బు మాట ఉంది. అందుకే చేరిన మొదటి రోజుల్లోనే కంటి డాక్టరు చూడాలి. ఆలస్యమైనవారికి కూడా దారులున్నాయి. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో నోటి లోపలి పొరను తీసి రెప్ప అంచుకు అతికించే చికిత్స చేశారు. చెన్నైలోని శంకర నేత్రాలయంలో రోగి పంటి ముక్కలో అమర్చిన కృత్రిమ పాపతో చూపు తిరిగి తెప్పించినవారున్నారు.

2010లో మన దేశంలో మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మొదలైంది. గాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతుంది. డాక్టర్లే కాదు, రోగి బంధువులు కూడా 1800-180-3024 అనే ఖర్చులేని నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. స్టీవెన్స్, లయెల్, లో ఒంటరిగా చేసిన పనిని ఇప్పుడు దేశమంతా కలిసి చేయడం అన్నమాట.

చివరగా, సరిహద్దులో ఉన్న మనకు ప్రత్యేకమైన మాట ఒకటి. మనం జ్వరానికి ఒక రాష్ట్రంలో చూపించుకుంటాం, ఫిట్సుకు మరో రాష్ట్రంలో, కంటికి ఇంకో చోట. యానాం వారు కాకినాడకూ వెళతారు, పుదుచ్చేరికీ వెళతారు. గంజాం వారు బరంపురం వెళతారు, అవసరమైతే విశాఖపట్నం వెళతారు. ఒక చోట కన్నడం, ఒక చోట తమిళం, ఒక చోట ఒడియా, ఒక చోట మరాఠీ. అక్కడ డాక్టరు ఏ మందు వాడావని అడిగితే మనం "ఫిట్సు మాత్ర, తెల్లది, చిన్నది" అంటాం. ఆ మాట ఏ భాషలోకి మార్చినా ఉపయోగం లేదు. కాని మాత్రల స్ట్రిప్పు వెనుక ముద్రించిన మందు పేరు ఏ రాష్ట్రానికి వెళ్ళినా ఒక్కటే. కంపెనీ పెట్టిన పేర్లు పది రకాలుంటాయి. అసలు మందు పేరు ఒక్కటే ఉంటుంది.

అందుకని ఖాళీ అయిన స్ట్రిప్పును పారేయకండి. దాని మీద మొదలుపెట్టిన తేదీ రాసి పెట్టండి. నాటు మందు వాడితే అదీ రాయండి. ఒకసారి ఒక మందుకు ఇలా వికటించి బతికినవారి ఇంట్లో, ఆ మందు పేరు రేషను కార్డు దాచినంత భద్రంగా దాచండి. ఒక చీటీ ఎప్పుడూ జేబులో ఉండాలి. ఆ మనిషికి ఆ మందు జన్మలో మళ్ళీ పడకూడదు. రక్తసంబంధీకులు కూడా ఆ మందు మొదలుపెట్టే ముందు డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి.

గుమ్మానికి వేపాకు కట్టుకోండి, తప్పులేదు. కట్టే ముందు మాత్రం ఇంట్లో ఒక్కసారి అడగండి: ఈ నెలలో కొత్తగా ఏ మందు మొదలైంది? ఇవాళ్టికి ఎన్నో రోజు? వందేళ్ళుగా ఈ జబ్బు గురించి తెలిసిన ప్రతి సంగతీ ఆ రెండు ప్రశ్నల నుంచే వచ్చింది. ఆ ప్రశ్నలు అడగటానికి డాక్టరు చదువు అక్కరలేదు.